బంగారయ్య బిల్లు చింపించిన వైనం

రంగం అనే రంగూన్ పట్నంలో, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో కన్నారావు టీ దుకాణం ముందు బల్ల మీద కూర్చుని, ఆ సాయంత్రం బంగారయ్య మాటలు మొదలెట్టాడు. ఎదురుగా అచ్చన్న కూర్చున్నాడు కాబట్టి ఆపలేకపోయాడు. ఫోర్డు టాక్సీ ఇద్దరిదీనూ. తొమ్మిదేళ్లు రంగం రేవులో బస్తాలు మోసి కొన్న బండి.

అది కాగిపోతోందని ఓ తెల్లదొర గరాజులో ఇస్తే ఇంజను బీటలు తీసిందన్నారు. పదకొండు రోజులు విప్పి, బిగించి, ఇంత పొడుగు బిల్లు చేతిలో పెట్టి, నెలలో కట్టమన్నారు. బండి తామ్వే పేట దాటకుండానే మళ్లీ ఆవిరి కక్కింది. బండ్లు బాగుచేసే పక్కింటి మిస్త్రీ కిన్ మౌంగ్ వేలు పెట్టి చూసి, ఫ్యాను తోలు బెల్టు వదులైంది, అంతకు మించి రోగం లేదన్నాడు. ఆ సంగతి చెప్పి, చెయ్యక్కర్లేని పనికి బిల్లు కట్టేది లేదని తేల్చి రమ్మని, నోరున్నవాడు కదా అని, అచ్చన్నే ఆ పొద్దున బంగారయ్యని బండితో గరాజుకి పంపాడు.

"ఎల్లావా బావా?" అన్నాడు అచ్చన్న.

"ఎల్లడమేటి! గుమ్మంలో బంట్రోతు సెప్పులు ఇప్పమన్నాడు. ఇప్పనన్నాను."

"దొర ముందే?" అన్నాడు కన్నారావు.

"ముందే మరి! బిల్లు బల్ల మీదెట్టి, దొరా, బీట ఏదీ సూపించన్నాను. ఆడి మొకం కందగడ్డయిపోనాది. ఆ తరవాత ఏటయిందో తెల్సా? పదిహేడు మంది మిస్త్రీల్ని పిలిసేడు. పదిహేడు మందీ కళ్లద్దాలెట్టుకుని ఎతికేరు. బీట నేదు! అప్పుడు నాను, బండి స్టార్టు సెయ్యండి, మీ బాగుసేత మీరే సూసుకోండన్నాను. సేసేరు. ఆవిరి లేసింది సూడూ..."

అచ్చన్న నవ్వలేదు. రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. ఇక్కడ ఆపితే ఇక మిగిలేది నిజం చెప్పడమే. అందుకని బంగారయ్య ఇంకా గట్టిగా అందుకున్నాడు.

"...ఆ ఆవిరికి గరాజు కప్పు రేకులు ఎగిరిపోయి పజున్‌డౌంగ్ కాలవలో పడ్డాయి! ఎనక ఈదిలో నలబై మంది కూలీలు కుండలట్టుకొచ్చి మన రేడియేటరు మీద ఎసరెట్టీసేరు. అన్నం ఉడికింది, గెంజీ వార్సుకున్నారు!"

"మరి కూరో?" అన్నాడు టైలరు ధర్మారావు, టీ సాసరులో ఒంపుకుంటూ.

"ఎండుసేపలు. నన్ను సెప్పనీ! ఆ ఆవిరే మబ్బు కట్టి కాలవ అవతల తాకేటా మీద వాన కురిసింది. బొగ్గు నిండుకుని రేవులో ఆగిపోనాది ఓ పెద్ద ఓడ. దానికి మన ఇంజను నుంచి గొట్టం తగిలిస్తే బిమిలీ దాకా ఎలిపోనాది! కెప్టెను దొర టోపీ తీసి నాకు దణ్ణమెట్టేడు. అది సూసి గరాజు దొర నా కాళ్లట్టుకున్నాడు. బిల్లు సింపేద్దాం అన్నాడు. ఆ బిల్లు పరిస్తే రైలు టేసను దాకా వొచ్చి ఇంకా మిగిలింది. నలుగురట్టుకుని ఆ కొసా ఈ కొసా లాగితే..."

"మద్దేన్నం నానూ ఎల్లాను, బావా," అన్నాడు అచ్చన్న.

బిల్లు లాగుతున్నట్టు చాచిన చేతులు బంగారయ్య దించేశాడు.

"నువ్వింకా రానేదేటని ఎల్లాను. మన బండి నంబరు రేకు ఊడదీసేత్తన్నారు. బిల్లు కింద బండి ఒదిలేసినట్టు నువ్వేసిన ఏలిముద్ర సూపించేరు."

ధర్మారావు సాసరు కింద పెట్టాడు. కన్నారావు పొయ్యి వైపు తిరిగిపోయాడు.

"బెల్టు సంగతి సెప్పేవా?" అన్నాడు అచ్చన్న.

బంగారయ్య తల వంచుకున్నాడు. నిజానికి పొద్దున గరాజు గుమ్మంలోనే చెప్పులు విప్పేశాడు. గంటన్నర గోడవార నిలబడ్డాడు. దొర తలెత్తి చూడలేదు. గుమాస్తా కాగితం ముందుకు తోసి, ముద్ర వెయ్యకపోతే పోలీసులొస్తారన్నాడు. దారంతా వల్లె వేసుకుంటూ వెళ్లిన మాటల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు. బొటనవేలు మాత్రం ముందుకెళ్లింది.

"నేదు," అన్నాడు. "ఒక్క ముక్క రానేదురా, అచ్చన్నా."

అచ్చన్న కేకలేస్తాడనుకున్నాడు. కొట్టినా బాగుండుననుకున్నాడు.

"నాకూ రానేదు బావా," అన్నాడు అచ్చన్న. "ఊడదీత్తా ఉంటే సూసి, ఎనక్కొచ్చీసేను."