పడని మందులన్నీ ఒకే గడిలో

ఆస్పత్రి ఎదురుగా టీకొట్టు బల్ల మీద మేస్త్రి కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆస్పత్రి రికార్డులకి కంప్యూటర్లో పట్టికలన్నీ కట్టింది ఆయనే కాబట్టి ఆ పేరు పడిపోయింది. ఫోను ఎత్తకపోతే వెతుక్కుంటూ వచ్చిన నర్సు, ఆయన మాటల్లో దూరే సందు దొరక్క గ్లాసు పట్టుకుని నిలబడింది.

"పేషెంటుకో వరస. అందులో పేరుకో గడి, వయసుకో గడి. మరి ఒంటికి పడని మందులకి? ఒకడికి ఒకటే పడదు, ఇంకొకడికి పది పడవు. వాటికి వేరే పట్టిక పెట్టి, మందుకో వరస రాయమన్నారు అంతా. నేను నవ్వాను. ఒకే గడిలో మధ్యమధ్య కామాలు పెట్టి కూరేశాను. మూడు మందులు హాయిగా సర్దుకున్నాయి."

"మూడేగా," అన్నాడు అంబులెన్సు డ్రైవరు.

"మూడుతో ఆగితే నేనెందుకు? మర్నాడు ముప్ఫై పడనివాడొచ్చాడు. పట్టాయి. ఆ తర్వాత ఎవరొచ్చారో తెలుసా? మందన్నదే పడని మనిషి. వెయ్యిన్నొక్క పేర్లు. కొట్టీ కొట్టీ కామా మీట అరిగి గుంట పడింది. జాబితా నా తెర చాలక పక్క తెరలోకి, అదీ చాలక పై అంతస్తులో పెద్ద డాక్టరు గారి తెరలోకి పాకింది. ప్రింటు కొడితే కాగితం మెట్లు దిగి, గేటు దాటి, వంతెనెక్కింది. చివరి కామా ఎక్కడుందో చూద్దామని సైకిలేసుకుని బయల్దేరాను. దారిలో రెండు టైర్లు మార్చాను."

"దొరికిందా?" అంది టీకొట్టు అక్క.

"దొరక్కేం? పొరుగూరి స్టేషన్లో, టిక్కెట్ల వరసలో నిలబడి ఉంది. చెవి పట్టుకు లాక్కొచ్చి అదే గడిలో కూర్చోబెట్టాను. ఇప్పటికీ అందులో ఇంకో ఊరికి సరిపడా చోటుంది."

నర్సు గ్లాసు బల్ల మీద పెట్టింది.

"అన్నయ్యా, మూడో వార్డు పెద్దావిడకి పడని మందులు తెరమీద ఏడే ఉన్నాయి. పొద్దున సూది తీసుకుని మంచం దగ్గరికెళ్తే, ఆవిడ కూతురు మందు పేరడిగింది. అది పడదని చేరినప్పుడే రాయించామంది. పాత కాగితం తీసి చూశాను. నిజమే, ఎనిమిదోది అదే."

మేస్త్రి కాలు దించాడు. "ఆ గడికి వంద అక్షరాలే పెట్టాను," అన్నాడు గొంతు తగ్గించి. "ఎక్కువైతే చెప్పకుండా కోసేస్తుంది."

"మేస్త్రి గారొక్కరే కోస్తారనుకున్నాం," అన్నాడు డ్రైవరు. "గడి కూడా కోస్తుందన్నమాట."

అక్క ఫక్కున నవ్వబోయి, నర్సు మొహం చూసి ఆపుకుంది. మేస్త్రి టీ సగంలో వదిలేసి రోడ్డు దాటాడు.

పాత కాగితాలు తిరగేస్తూ నర్సు చదువుతుంటే, కొత్త పట్టికలో ఆయన మందుకో వరస చొప్పున కొట్టాడు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోయినా లేవలేదు. పెద్దావిడ పేరు కొట్టి చూస్తే ఎనిమిది వరసలూ కనబడ్డాయి. నర్సు వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

"ఇందులో ఒక్కో మనిషికి ఎన్ని మందులు రాయొచ్చన్నయ్యా?"

"ఎన్నైనా," అన్నాడు మేస్త్రి. కోతేదో కలపబోయి, ఆపుకుని, తర్వాతి కాగితం అందుకున్నాడు.