తెగినా పలికిన నెట్‌వర్క్

సూరత్‌లోని ఒక శిక్షణ కేంద్రంలో ప్రాక్టికల్ పరీక్ష. పరీక్ష పెట్టడానికి వచ్చిన మేడం, పరీక్ష రాస్తున్న, తెలంగాణ నుంచి వలసొచ్చిన మరమగ్గాల కార్మికుడి కూతురి పక్కన కూర్చుంది. తెర మీద కంప్యూటర్ లోపలే నడిచే నమూనా నెట్‌వర్క్ ఉంది.

“రెండు స్విచ్‌ల నడుమ లింకు తెంపే కమాండ్ కొట్టమ్మా.”

“కొట్టిన మేడం.”

“ఇప్పుడు పింగ్ చెయ్, అవతలి కంప్యూటర్లు జవాబిస్తయో లేదో చూద్దాం.”

“అన్నీ జవాబిచ్చినయి.”

“లింకు తెగినంక ఎట్ల ఇస్తయ్? ఛీ! ఇది నెట్‌వర్కే కాదు, జవాబులు రాసిపెట్టిన ఫైలు. ఎవరిచ్చిండ్రు?”

“మా సారే, క్లాసందరికీ. ఒక్క కమాండ్ గూడ నేర్పలే. అడిగితే, పాసైతవు గదా, నీకెందుకన్నడు.”

“వింటుంటేనే రోత పుడుతుంది. నేనిది రిపోర్టుల రాస్తే నువ్వు గూడ ఫెయిలైతవు.”

“నాకూ రోతనే మేడం. రాయుండ్రి. సారు తలుపు కాడనే ఉన్నడు, పిలవనా?”