సిరిల్ వాటా గుడ్డు

గుడ్లు తెచ్చావా శాండ్రా? అట్ట అలా బల్ల మీద పెట్టు, పిల్లి తిరుగుతోంది, చూసుకో. బూట్లు విప్పక్కర్లేదులేవే, మీ కోళ్ళ షెడ్ల బురద నాకేం కొత్త కాదు, ఆ బురదలో మేం చలికాలాలకి చలికాలాలు ఈదాం. కూర్చో, టీ వేడిగానే ఉంది. ఏంటీ, షెడ్డు వెనకాల తవ్వుతుంటే సిమెంటు తగిలిందా? తగలక ఏం చేస్తుంది? మీరు కోళ్ళు పెంచుతున్నది ఎక్కడనుకున్నావు, పొలంలోనా? అది విమానాలు లేచిన దారి తల్లీ. లాంకాస్టర్లు, యుద్ధంలో బాంబులు మోసుకెళ్ళేవి. ఒక్కో విమానం నాలుగు ఇంజన్లతో లేస్తుంటే మా వంటింట్లో గిన్నెలన్నీ వణికిపోయేవి. ఇప్పుడక్కడ వేల కోళ్ళు తెల్లారేసరికి వేల గుడ్లు పెడుతున్నాయి. అప్పుడు అదే చోట ఒక్క గుడ్డుకి ప్రాణం పెట్టేవాళ్ళు. నవ్వకు, మాట వరసకి అనడం లేదు.

నేను అక్కడ వంటదాన్ని కదా. చెప్పలేదూ? వెయ్యిసార్లు చెప్పుంటాను, నువ్వే విని ఉండవు. యుద్ధంలో ఈ దేశమంతా డబ్బాలో గుడ్డు పొడి కలుపుకుని, అది గుడ్డేనని దేవుడి మీద ఒట్టేసుకుని తినేది. అసలు గుడ్డు కళ్ళ చూడాలంటే బాంబులెయ్యడానికి వెళ్ళాల్సిందే. బయల్దేరే ముందు మనిషికొకటి, తిరిగొచ్చాక ఇంకోటి. అందుకే ఇవాళ దాడి ఉందా లేదా అని ఆఫీసర్ల కంటే ముందు మాకు తెలిసేది. మధ్యాహ్నం గుడ్ల పెట్టె బయటికి తియ్యమన్నారంటే ఉన్నట్టే. ఒక్కోరోజు కుర్రాళ్ళు గుడ్డు తినేశాక మంచు కమ్మి దాడి రద్దయ్యేది, ఇహ చూడు సంబరం, పెళ్ళిభోజనం ఊరికే దొరికినట్టు. వాళ్ళకి పిచ్చి నమ్మకాలు చాలా ఉండేవిలే. ఒకడు ప్రియురాలి మేజోడు మెడకి కట్టుకునేవాడు. విమానానికి ఏడుగురు, ఎక్కే ముందు ఏడుగురూ వరసగా నిలబడి తోక చక్రం మీద... ఛీ, అది వద్దులే, టీ తాగుతున్నావు. ఆఁ, గుడ్డు సంగతి. బల్ల దగ్గర కూర్చోగానే పక్కవాణ్ణి అడిగేవాళ్ళు, "ఒరేయ్, ఇవాళ నువ్వు రాకపోతే నీ గుడ్డు నాకేనా?" అని. వినేవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. కానీ అది ప్రేమేనే పిల్లా. కొత్తగా వచ్చినవాడి గుడ్డు ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అడిగారంటే, వీడు మనవాడు అన్నట్టు.

మేవిస్ గురించి కదూ నువ్వడిగింది? అదిగో, ఆ గోడ మీద ఫోటోలో లారీ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ పిల్ల. పోయి చాలా ఏళ్ళయింది. గ్రిమ్స్‌బీ పిల్ల, వాళ్ళ నాన్నకి చేపల బండి. కాళ్ళు పెడళ్ళకి అందని వయసు నుంచే బండి తోలేదిట, నిజమో అబద్ధమో. మా దగ్గర కుర్రాళ్ళని విమానాల దగ్గరికి తీసుకెళ్ళే లారీ దానిది. మేమిద్దరం ఒకే రేకుల గుడిసెలో పక్కపక్క మంచాలు. గట్టి పిల్ల. చక్రం ఊడితే మగాణ్ణి పిలిచేది కాదు, తనే బిగించుకునేది. సరే, వయసులో పిల్ల, ఒక కుర్రాడితో డాన్సుకి వెళ్ళింది. విమానంలో మ్యాపులు చూసి దారి చెప్పేవాడు. వాడు ఆ వారమే పోయాడు. ఏడ్చింది, ఊరుకుంది. మరుసటి వేసవికి ఇంకొకడు, బాంబులు వదిలేవాడు. వాడూ పోయాడు. అక్కడ వారానికి ఎంతమంది పోయేవాళ్ళో, నాతో డాన్సు చేసినవాళ్ళూ పోయారు, నా కాలు తొక్కినవాళ్ళూ పోయారు, నన్నెవడూ ఏమీ అనలేదు. దాన్ని మాత్రం పట్టుకున్నారు. ఆపైన ఒక పిల్లవాడు చలికి వణుకుతున్నాడని తన చేతితొడుగులు ఇచ్చింది చూడు, వాడూ రాలేదు. ఇక అయిపోయింది. "చావుపిల్ల" అని పేరు పెట్టేశారు.

పేరు పడిందంటే పోతుందా? పక్కన కూర్చునేవాడు లేడు. ఎదురొస్తే వెనక్కి తిరిగి చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళు. మెక్‌క్రీడీ అని గ్లాస్గో పైలట్ ఒకడు, ఎర్రజుట్టు, నోరు తెరిస్తే కంకరరాళ్ళు పోసినట్టుండేది, వాడైతే మొహానే అనేవాడు, "నా జట్టు ఏడుగురం నడిచి వస్తాం గానీ ఆ లారీ ఎక్కం" అని. వాణ్ణి చూసి అందరూ నడక. లారీ ఖాళీగా ముందు పోతుంటే, వెనకాల వీళ్ళు ఆ బురదలో మైలు దూరం. ఉన్ని బట్టల మీద ఉన్ని బట్టలు, పైన తోలుకోటు, మోకాళ్ళ దాకా బూట్లు, చంకలో పారాచూటు. మా ఆఫీసరమ్మ మేవిస్‌ని పిలిచి, "ఎవరూ ఎక్కని లారీకి డ్రైవరెందుకమ్మా? నెలాఖరుకి నిన్ను ఉత్తరాన దీవుల్లోకి పంపేస్తాను, బంగాళాదుంపలు చెక్కుకుందువు గాని" అంది. ఆవిడ తప్పేం లేదు, ఆవిడకి లారీలు తిరగాలి. ఆ సాయంత్రం మేవిస్ మంచం మీద కూర్చుని ఏమందో తెలుసా? "దుంపలు చెక్కడానికి నాకేం నామోషీ లేదు నెల్లీ. కానీ ఆ లారీ దిగి వెళ్ళిపోయానంటే, వాళ్ళన్నది నిజమేనని నేనే ఒప్పుకున్నట్టు కదే." టీ తెచ్చిచ్చాను, నాకు చేతనైంది అదే, గుడ్లు వేపుకునేదాన్ని.

ఇప్పుడు సిరిల్ వస్తాడు చూడు. సిరిల్ ఓల్డ్‌రాయిడ్, విమానం తోకలో ఒక్కడే కూర్చుని తుపాకీ పట్టుకునేవాడు. యుద్ధానికి ముందు హడర్స్‌ఫీల్డులో బస్సు కండక్టరు. పొట్టిగా, గుండ్రంగా, ముప్పై దాటినవాడు, ఆ పిల్లలందరికీ తాతలా అనిపించేవాడు. వాడూ అందరితోపాటే నడిచాడు, గొప్పలు చెప్పను. నడిచి నడిచి ఒళ్ళంతా చెమట పట్టింది. ఆ చెమటతోనే పైకి వెళ్ళాడు. పైన ఆ ఎత్తులో చలి నీకూ నాకూ తెలిసిన చలి కాదే. తోకలో మరీ అన్యాయం. ఆ చెమట ఒంటి మీదే గడ్డకట్టింది. దింపేసరికి కాలివేళ్ళు కొయ్యబారి, మొహం కొవ్వొత్తిలా అయింది. డాక్టరు చూసి తిట్టాడట, "మంచి ఎండుబట్టలతో వెళ్ళాల్సినవాడివి, పొలం దున్నినవాడిలా తడిసి వెళ్తావేం?" అని. ఆస్పత్రిలో పడుకుని సిరిల్ ఆలోచించుకున్నాడు. తిరిగొచ్చిన రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర గుడ్డు ముందు పెట్టుకుని లేచి నిలబడ్డాడు. మేవిస్ మా వంటింటి గుమ్మంలో నిలబడి టీ తాగుతోంది, లోపలికొస్తే అందరూ లేచి వెళ్ళిపోతారని. బల్ల దగ్గర్నుంచి గుమ్మందాకా వినిపించేలా అరిచాడు. "ఏమమ్మోయ్ డ్రైవరమ్మా! ఇవాళ నేను రాకపోతే నా గుడ్డు నీది! పచ్చసొన మాత్రం పగలకూడదు, పగిలితే నెల్లీ మొహాన కొట్టు!" అన్నాడు. తింటున్నవాళ్ళంతా గుమ్మం వైపు తిరిగారు. మేవిస్ మొహం చూడాలి, దానితో ఆ మాట అన్నవాడే లేడు మరి అన్నాళ్ళూ. కప్పు దించి, "నీ గుడ్డు నువ్వే వచ్చి తిను, నీ ఎంగిలి నాకెందుకు?" అంది. ఆ రోజే వెళ్ళి దాని లారీ ఎక్కాడు, ఒక్కడే. వాడి పైలట్టూ మిగతావాళ్ళూ పక్కన నడుస్తుంటే లారీలోంచి తల బయటపెట్టి, "పై అంతస్తులో ఖాళీ ఉందండీ! లోపలికి జరగండి, మెట్ల మీద నిలబడకండి! రైట్, రైట్!" అని రేకు మీద టకటకా రెండు దెబ్బలు కొట్టేవాడు. "బస్సు ఎక్కినవాళ్ళు చస్తే కండక్టర్ని అనేవాళ్ళయితే, నన్ను హడర్స్‌ఫీల్డులో ఎప్పుడో ఉరి తీసేవాళ్ళు" అనేవాడు.

ప్రేమా? అబ్బే. నీకు సినిమాలెక్కువయ్యాయి. వాడికి పెళ్ళాం ఉంది, ఇద్దరు పిల్లలున్నారు, ఆవిడ అల్లిన మఫ్లరు చెవుల దాకా చుట్టుకుని తిరిగేవాడు. అదేం కాదు. వాడు బుద్ధున్న మనిషి, అంతే. బుద్ధున్న మనిషి దొరకడం ప్రేమ దొరకడం కంటే కష్టం, రాసిపెట్టుకో. వాడు వెళ్ళాడు, వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు, వచ్చాడు. రాగానే గుమ్మంలోకి చూసి, "పాపం డ్రైవరమ్మకి ఇవాళా గుడ్డు లేదు!" అనేవాడు. కాళ్ళు పీకుతుంటే వాడి తోటివాడొకడు లారీ ఎక్కాడు. తర్వాత ఇంకొకడు. చివరికి వాళ్ళ పైలట్ కూడా, "మా వాళ్ళంతా ఎక్కితే నేనొక్కణ్ణీ నడవడం బాగుండదు" అని ఎక్కాడు. ఏడుగురు. ఆఫీసరమ్మ చూసి, సరే ఈ నెలకి ఉండు అంది. మెక్‌క్రీడీ జట్టు, మిగతావాళ్ళు మాత్రం నడకే. వాళ్ళు దేనికి కాచుకుని ఉన్నారో మాకు తెలీదా? ఈ ఏడుగురూ ఎప్పుడు పోతారా అని కాదు, అంత చెడ్డవాళ్ళు కాదు. పోతే మేవిస్‌కి ఆ పేరు ఇక వదలదని అందరికీ తెలుసు, అదీ.

పోయారు మరి. బెర్లిన్ వెళ్ళినప్పుడు. తెల్లవారుతుంటే ఒక్కో విమానం దిగుతోంది, మేం పొయ్యి రాజేసి గుడ్లు లెక్క ప్రకారం పెట్టుకున్నాం. మేవిస్ లారీని సిరిల్ వాళ్ళ విమానం ఆగే చోటికి తీసుకెళ్ళి, ఇంజను ఆపకుండా కూర్చుంది. బాగా తెల్లారిపోయింది, పెట్రోలు ఎంతుంటుందో చిన్నపిల్లకైనా తెలుసు, ఇక గాల్లో ఉండే వీల్లేదు. ఇక్కడ లోపల కుర్రాళ్ళు తింటూ తలెత్తడం లేదు. ఎవడో గొణిగాడు, "ఏడుగుర్నీ మింగింది" అని. నా చేతిలో అట్లకాడ ఉంది, విసిరేదాన్నే. అప్పుడే తలుపు తీసుకుని మేవిస్ వచ్చింది. గుమ్మంలో ఆగలేదు. నేరుగా గది మధ్యలోంచి నడిచి, సిరిల్ కూర్చునే కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చుని, "నెల్లీ, సిరిల్ వాటా గుడ్డు నాకియ్యి" అంది.

గుడ్డు తీశానమ్మాయ్. పెనం మీద కొట్టాను, పచ్చసొన పగిలిపోయింది. అలాగే తీసుకెళ్ళి పెట్టాను. చూసింది. పళ్ళెం నా వైపు తోసింది. "పగలకూడదన్నాడు కదా. ఇంకోటి వెయ్యి." మామూలు రోజైతే గుడ్డు వృథా చేస్తే ఆ గదిలో తన్నుకునేవాళ్ళు. ఒక్కడు నోరెత్తలేదు. ఏడు గుడ్లు మిగిలిపోయి ఉన్నాయి కదా, ఇంకోటి కొట్టాను, ఊపిరి బిగబట్టి. నిండుచందమామలా వచ్చింది. పెట్టాను. ఫోర్కు తీసుకుంది, తింది. తొందరపడలేదు, ఏడవలేదు, ఒక్కొక్కడి మొహం చూస్తూ తింది. రొట్టెముక్కతో పళ్ళెం శుభ్రంగా తుడిచి అదీ తింది. "బాగుంది నెల్లీ" అని లేచి వెళ్ళింది. నేను పెనం వదిలేసి వెనకాలే పరిగెత్తాను. వంటింటి వెనక బొగ్గుల కుప్ప దగ్గర మొత్తం కక్కేసింది. దాని తల పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు ఏడిచింది, అబ్బ, ఏం ఏడుపు. "సిరిల్ గుడ్డు పారేశానే నెల్లీ, వాడు నాకిచ్చినదాన్ని కడుపులో నిలుపుకోలేకపోయానే" అని. వాడు పోయినందుకూ అదే ఏడుపు, గుడ్డు పోయినందుకూ అదే ఏడుపు. నాకిప్పటికీ ఆ మాట తలుచుకుంటే... ఏదీ, ఆ రుమాలు ఇటియ్యి. పొగ. పొగ లేకపోతే ఏం, నా ఇల్లు, నేను పొగంటే పొగే.

ఆ మర్నాడు మళ్ళీ గుడ్ల పెట్టె బయటికి తీశాం. యుద్ధం ఆగుతుందా ఎవడి కోసమైనా? మధ్యాహ్నం దాటాక మేవిస్ మొహం కడుక్కుని, జుట్టు బిగించి, లారీ తెచ్చి మామూలు చోట నిలిపింది. నేను వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నాను. ఇవాళ ఒక్కడూ ఎక్కకపోతే రేపు దీవులకే. కుర్రాళ్ళు వస్తున్నారు, లారీని చూస్తున్నారు, నేల చూస్తున్నారు. మెక్‌క్రీడీ వచ్చాడు. వెనక వాడి ఆరుగురు. ఆగాడు. ఆ ఎర్రతల గోక్కున్నాడు. తర్వాత లారీ కిటికీ దగ్గరికి వెళ్ళి, ఆ కంకరరాళ్ళ గొంతుతోనే, "ఇదుగో పిల్లా, నేను రాకపోతే నా గుడ్డు నువ్వు తిను. నాది మాత్రం రెండువైపులా మాడాలి, ఆ పచ్చిపచ్చిగా ఉండే దరిద్రం నాకు పడదు" అన్నాడు. మేవిస్ వాడి వైపు కూడా చూడలేదు. "ఎక్కు, ఆలస్యమవుతోంది" అంది. ఎక్కాడు. వాడి ఆరుగురూ ఎక్కారు. వాళ్ళ వెనక ఇంకో జట్టు ఎక్కింది, చోటు చాలక తోసుకున్నారు కూడా. కాసేపు లారీ కదల్లేదు. తను దేనికోసం ఆగిందో నాకు తెలుసు. అప్పుడు లోపల్నుంచి రేకు మీద టకటకా రెండు దెబ్బలు. "రైట్, రైట్!" గ్లాస్గో యాసలో. లారీ వెళ్ళిపోయింది.

ఏంటీ? ఆ మెక్‌క్రీడీ తిరిగొచ్చాడా అంటావా? చూశావా, నువ్వూ అదే అడిగావు! వాడొస్తే మేవిస్ మంచిది, రాకపోతే చావుపిల్ల, అంతేనా నీ లెక్క? అది బతికినన్నాళ్ళూ ఆ మాట ఎవరడిగినా చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. నేనూ చెప్పను. ఆ పెనం ఇలా అందుకో. గుడ్డు తిని వెళ్దువు గాని. ఎలా వెయ్యను, రెండువైపులా మాడాలా, పచ్చసొన పగలకుండానా?