అమ్మకానికి పెట్టిన రెండో ట్యాంకు

తుప్పు ఎక్కడుందమ్మాయ్, సరిగ్గా చూడు. అది తుప్పు కాదు, ఎర్రమట్టి. ఎడారి మట్టి ఒకసారి పట్టిందంటే సబ్బుకి కూడా పోదు. డీజిల్ ట్యాంకులో ఏ లోపమూ లేదు. లోపమంతా దాన్ని బిగించిన మనిషిలోనే ఉంది.

ఎందుకు అమ్మేస్తున్నారని ఫోన్లో అడిగావు కదా. అది ఫోన్లో చెప్పే ముచ్చటా? ఇలా కూర్చో. కుక్కని బండిలోంచి దింపు, పాపం, నీళ్ళు పెడతాను.

మా ఆయన ఆథల్ మట్టిరోడ్లు చదును చేసే బండి తోలేవాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ వారాలకి వారాలు ఎడారిలోనే. నేను పుట్టింది కూడా ఆ ఎడారిలోనేలే, బిల్లరూ హాల్టులో. పేరు విని ఉండవు. పట్టాల పక్కన నాలుగైదు ఇళ్ళు, ఒక నీళ్ళ తొట్టి, అంతే. మా నాన్న పట్టాలు బాగుచేసే పనివాడు. అమ్మ పోయాక నన్ను తీసుకుని వచ్చేశాడు. ఇప్పుడక్కడ రైలు ఆగదు, మనిషి లేడు.

పెళ్ళైన కొత్తలో ఆథల్ అన్నాడు, ఏదో ఒక చలికాలం నీ బిల్లరూకి తీసుకెళ్తానని. ఏటా అనేవాడు. ఒక ఏడు వానలు, ఒక ఏడు గొర్రెలు, ఒక ఏడు నా మోకాలు. నేను కూడా అడగడం మానేశాను. అడిగి అడిగి అడుక్కున్నట్టయిపోదూ?

పోయిన వేసవిలో ఆయనే ఆ మాట ఎత్తాడు. దారిలో చుక్క డీజిల్ దొరకదు, ఉన్న ట్యాంకు ఇసకలో సగం దూరం కూడా రాదు, మన బండికి రెండోది బిగిద్దాం అన్నాడు. పాత బండి ఒకటి తుక్కుకి పోతుంటే దాని కింద ఉన్న ఈ ట్యాంకు విప్పి తెచ్చాడు. నాకెంత సంబరమో. చిన్నపిల్లలా ఎగిరాను, ఈ వయసులో.

ఇద్దరమూ కలిసే బిగించాం. పట్టీలు పట్టుకున్నది నేను. గొట్టాలు కోసింది నేను. స్టెప్నీ టైరు ఉండే చోట దీన్ని పెట్టాం కాబట్టి టైరుకి పైన వేరే చోటు చూశాం. మొదట డీజిల్ ఈ ట్యాంకులోంచి ఆ ట్యాంకులోకి రాలేదు. పంపు గీపెట్టడమే. ఆయన తిట్టుకుంటుంటే నేను చూశాను, గాలి పీల్చే గొట్టం మడతపడి ఉంది. గాలి ఆడకపోతే ట్యాంకు తన నూనె తానే బిగబట్టుకుంటుంది. నువ్వు బిగించేటప్పుడు అది చూసుకో. వారం పాటు ఇంట్లో రొట్టె కూడా డీజిల్ వాసనే. నాకు బాగానే ఉండేది ఆ వాసన.

చివర్లో ఎడమ తలుపు కింద ఒక మెట్టు అతికించాడు. కుంటి మోకాలికి సుఖంగా ఉంటుందన్నాడు. నా మోకాలే అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు కదా?

అంతా అయ్యాక, ముందు తానొక్కడే నిండు ట్యాంకుతో నడిపి చూసొస్తానన్నాడు. నడి ఎడారిలో ఆగిపోతే ఇద్దరం ఇరుక్కోవడం ఎందుకని. ఎంత బాధ్యత గల మనిషి అనుకున్నాను. తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, అది కోసేటప్పుడు చల్లగానే ఉంటుందమ్మా. ఎండు ద్రాక్ష కేకు చేసి పెట్టాను. వేటమాంసం ఉప్పులో ఊరేసి కట్టాను. ఒక్కడికి అంత ఎందుకులే అంటాడేమో అనుకున్నాను, అనలేదు. అంతా తీసుకున్నాడు.

చెప్పిన రోజుకి రాలేదు. మర్నాడూ రాలేదు. నాలో నేను చచ్చిపోయాను. పక్క గొర్రెల క్షేత్రం వాళ్ళకి చెప్పి వెతికించబోతున్నాను, అప్పుడు గేటు దగ్గర దుమ్ము లేచింది.

పరిగెత్తాను. బండి ఆగింది. ఎడమ తలుపు తెరుచుకుంది.

ముసలావిడ. నాకన్నా పెద్దది. చేతికర్ర ముందు దింపింది, తర్వాత ఆ మెట్టు మీద పాదం పెట్టి మెల్లగా కిందికి దిగింది. దగ్గరకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "నేను డల్సీని. నీకు దణ్ణం పెట్టి వెళ్దామనే దిగానమ్మా. నీలాంటి మనసు ఎవరికీ ఉండదు" అంది.

డల్సీ అంటే ఆథల్ మొదటి భార్య. అలాంటి ఆవిడ ఉందని నాకు తెలుసు. కుర్రతనంలో పెళ్ళి, కొన్నేళ్ళకి చెడింది, అంతే చెప్పాడు. నేనూ తవ్వలేదు. ఎవరి పాత గుడ్డలు ఎవరికి కావాలి?

ఆవిడ చెప్పుకుపోతోంది. కళ్ళు పోతున్నాయట, డాక్టరు వచ్చే చలికాలం దాకా ఆగవద్దన్నాడట. చూపుండగానే పాప సమాధి ఒకసారి చూడాలని ఆథల్‌ని అడిగిందట. ఎడారి అవతల కార్బెట్ గని దగ్గర, ఆ ఊరు ఇప్పుడు పాడుపడింది. "నువ్వే పంపించావట కదా. నీ చేత్తో ట్యాంకు కూడా బిగించావట. దారంతా చెప్పాడు" అంది.

ఏ పాప అని అడగాలి నేను. నా మొగుడికి ఏ పాప?

అడగలేదు. ఆథల్ బండి అవతల నిలబడి టైర్లు చూస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషి, అప్పుడు టైర్లు చూస్తున్నాడు.

లోపలికి రమ్మన్నాను. టీ పెట్టాను. ఏం చెయ్యమంటావు? ఆవిడ తప్పేముంది? అన్నీ తెలిసినదానిలా తలూపుతూ కూర్చున్నాను, ఆవిడ కృతజ్ఞతలన్నీ నాకు చెందని చీరలా కప్పుకుని. జ్వరం వచ్చి మూడో ఏట పోయిందట పాప. మళ్ళీ పిల్లల మాట ఎత్తితే ఆథల్ ఇంట్లోంచి లేచి వెళ్ళిపోయేవాడట. అలా చెడింది వాళ్ళ కాపురం.

ఇంకో మాట కూడా అంది, నన్ను సంతోషపెడదామనే అంది. "వెళ్ళేటప్పుడు మీ బిల్లరూలో ఆగాం. నీళ్ళ తొట్టి నీడలో నీ కేకు తిన్నాం. ఇళ్ళ పునాదులు ఇంకా ఉన్నాయమ్మా, చివరిల్లు మీదేనట కదా, చూపించాడు."

చూపించాడట. నా ఇల్లు, ఆవిడకి.

ఆ రాత్రి అడిగాను. ఒక్క మాట చెప్తే నేనే సగౌరవంగా పంపేదాన్ని కదా, పక్కన కూర్చుని నేనూ వచ్చేదాన్ని కదా అని. "చెప్పడం రాలేదు గ్లెనిస్" అన్నాడు. అంతే. ఈ ఏడు మనమిద్దరం వెళ్దాం అన్నాడు. ట్యాంకు విప్పెయ్యమన్నాను. విప్పేశాడు. అదిగో, షెడ్డులోనే ఉన్నాడు. నువ్వొచ్చిన చప్పుడు విన్నాడు, బయటికి రాడు.

క్షమించేదాన్నే అమ్మాయ్. నిజం. బిడ్డ పోయిన దుఃఖం నాకు అర్థం కాదా? కానీ డల్సీ వెళ్తూ వెళ్తూ పాప పేరు చెప్పింది. రోవెనా అట.

మాకొక్కతే కూతురు, అడిలైడ్‌లో ఉంటుంది. అది పుట్టినప్పుడు మా అమ్మ పేరు పెడదామన్నాను. ఎన్నడూ పంతం పట్టని మనిషి, ఆ ఒక్కదానికే పట్టాడు. రోవెనా అనే పెట్టాడు. ఎంత ముద్దు పేరో అని ఊరంతా చెప్పుకున్నాను.

ఇప్పుడు దాన్ని పేరు పెట్టి పిలవడానికి నోరు రావడం లేదు. ఆదివారం ఫోన్ చేసింది, "అమ్మడూ" అన్నాను. ఏంటమ్మా కొత్తగా అంది. ఒంట్లో బాగాలేదా అంది. ఏమీ లేదన్నాను. మళ్ళీ అడిగింది, మళ్ళీ ఏమీ లేదన్నాను. ఎవరి పేరు మోస్తోందో దానికి నేను చెప్పగలనా?

సరేలే. నువ్వు ఆ చివర పట్టు, నేను ఇటు పడతాను. బరువుగానే ఉంటుంది, అడుగున కాస్త డీజిల్ మిగిలింది.