దూది కణం

సత్తెనపల్లి జిన్నింగ్ మిల్లు నుంచి వచ్చి కూర్చున్న తల్లి జుట్టులో దూదిపోగులు ఏరుతోంది, ఇంటర్ చదువుతున్న కూతురు.

“ఒక్కో పోగూ ఒక్కటే కణమంటమ్మా. గింజ మీద పుట్టి ఇంత పొడుగు సాగుద్దంట.”

“జుట్టులోది నువ్వు తీస్తున్నావు. లోపలికి పోయింది ఎవరు తీస్తారే?”

“ఊపిరి గొట్టాల్లో సన్నటి నూగున్న కణాలుంటాయమ్మా. దుమ్మంతా అవే పైకి ఊడ్చేస్తాయి.”

తల్లికి దగ్గు తెర వచ్చింది. చాలాసేపటికి గానీ ఆగలేదు.

“మరి నావేం చేస్తున్నాయే?”

“ఇన్నేళ్ళు ఊడ్చి ఊడ్చి చచ్చుబడ్డాయేమో. ఇక నువ్వు మానెయ్యమ్మా. మిల్లు మేస్త్రీ నన్ను పనికి రమ్మంటున్నాడుగా, రేపట్నుంచి నేను పోతా.”

“నీవింకా బాగా ఊడుస్తున్నాయా?”

“ఊడుస్తున్నాయి.”

“అయితే అలాగే ఊడ్చుకోనీ. పొద్దున్నే నన్ను లేపు, మిల్లుకి టైమవుద్ది.”