ఈ ఒక్కటి కోత కాదు బావా

హలో… ఆ ఆ, నేనే బావా! మరెవరనుకున్నావు, నా దయ్యమా?…

ఇంటికొచ్చేశా. పొద్దున్నే… వాళ్లు నన్ను వదల్లేదు, నేనే ఆసుపత్రిని వదిలేశా. గుమ్మం దాటుతుంటే నర్సులంతా బావురుమన్నారు తెలుసా?…

నిజం!… సరే, అందరూ కాదు. ఒక్క నర్సు. కంట్లో నలక పడిందేమో, నాకేం తెలుసు.

నువ్వింకా షిఫ్టుకి బయల్దేరలేదుగా?… మంచిది. కూర్చో, విను.

కిడ్నీయా… అబ్బో! దాని ఫోటో చూసి పెద్ద డాక్టరు లేచి నిలబడ్డాడు. "ఇన్నేళ్లు బేకరీ బట్టీ ముందు కాగిన కిడ్నీని ఎక్కడా చూళ్లేదు, దండం పెట్టుకుంటా" అన్నాడు… నవ్వకు. కుర్ర డాక్టర్లని వరసగా నిలబెట్టి మరీ చూపించాడు.

ఎందుకు పాడైందంటే మన పందెం సంగతే చెప్పా… అదే, బట్టీలో బ్రెడ్డుండగా ఎవడు ఒంటికని బయటికెళ్తే వాడు ట్రేలన్నీ తోమాలని. తోమడానికి బద్ధకించి అసలు నీళ్లే తాగమని… ఆ చిన్న డాక్టరమ్మ నోరు తెరిచింది చూడు, అందులో ఓ బన్ను పట్టేది!

పైగా నడుం నొప్పికి ఆ తెల్ల బిళ్లలొకటి. ఎండిపోయిన కిడ్నీ మీద ఆ బిళ్ల పడితే పుండు మీద కారమేనంట.

అవును, వయసులో ఉన్నప్పుడూ ఇలాగే పడకేశా… అవునవును, వారం తిరక్కుండా లేచి పిండి బస్తా మోశా! అదే అడిగా డాక్టరమ్మని. అప్పుడు లేచిన కిడ్నీ ఇప్పుడెందుకు లేవదు తల్లీ అని.

ఆ పిల్ల ఏదో ఇంగ్లీషులో చెప్పింది, నేను మన బేకరీ భాషలోకి తిప్పుకున్నా. తాజా పిండిముద్దలో వేలు గుచ్చు… ఆ, మళ్లీ పొంగి పూడిపోతుంది. ఈస్టు చచ్చిన ముద్దలో గుచ్చు… గుంట గుంటలానే ఉంటుంది. కిడ్నీ కూడా అంతేనంట. వయసులో దెబ్బ తగిలితే లోపలున్న కణాలు కొత్తవాటిని పుట్టించి పూడ్చేస్తాయి. ముసలి కిడ్నీలో కొన్ని కణాలుంటాయి చూడు, చావవు, పని చెయ్యవు. మన పాత మేస్త్రీ లేడూ, కుర్చీలో కూర్చుని గొణిగి గొణిగి పక్కోడి పని కూడా చెడగొట్టేవాడు… ఆ, అచ్చం వాడే! చివరికి మానిన చోట కూడా మచ్చ కట్టేస్తుంది. మచ్చ వడపోస్తుందా మరి?

లేదు బావా, డాక్టరమ్మే చెప్పింది… మేస్త్రీ ఒక్కడే నా కల్పన.

సరే, నా సోది ఆపుతా. నీ గొంతేంటి అలా ఉంది?… నా షిఫ్టు కూడా నువ్వేనా? రెండు షిఫ్టులూనా?… ఇప్పుడు పందెంలో మొనగాడెవరు?…

నువ్వా. నీళ్లు ముట్టకుండా.

బావా, మోకాలికి ఏం మింగుతున్నావు?… తెల్ల బిళ్లలు. ఎక్కడివి?… నా అరలో ఉన్నవా.

ఒక మాట అడుగుతా, సిగ్గుపడకు. ఒంటికెప్పుడెళ్లావు?…

నిన్ననా? నిన్నెప్పుడు?…

కాళ్లు చూసుకో. చెప్పులు పడుతున్నాయా?… బిగుతయ్యాయా. ఎప్పట్నుంచి?…

బావా, షిఫ్టు మానెయ్. లేచి ఆసుపత్రికి వెళ్లు. ఇప్పుడే… ఎందుకు నవ్వుతున్నావు?

కోత కాదయ్యా!… అవును, పులి మన వెనకగుమ్మం దగ్గర బన్ను తిన్నది కోతే… వరదలో బట్టీ తేలుకుంటూ పోయిందీ కోతే, ఒప్పుకుంటున్నా!… ఆ దండం పెట్టిన డాక్టరూ కోతే. ఆయన ఫోటో చూసి, పెదవి విరిచి, పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాడు. నర్సులెవరూ ఏడవలేదు బావా. మీ చెల్లెలు ఏడ్చింది.

నీకేం కాదా? నేనూ అలాగే అన్నా. నా కిడ్నీ సగం కూడా తిరిగి రాలేదు. ఇంక రాకపోవచ్చన్నారు, ఉన్నదాన్ని కాపాడుకోమన్నారు. నేనింక బట్టీ దగ్గరికి రాను… లేదు, సెలవు కాదు. రాను.

ఆ. ఈ ఒక్కటి కోత కాదు.

చావు కబురు చల్లగా చెప్తున్నానా? వేడిగా చెప్తే నువ్వు తట్టుకోవుగా. ఇంక రానని చెప్దామనే ఫోన్ చేశా. ఎలా మొదలెట్టాలో తెలీక ఇంతసేపూ కోతలు కోశా.

బ్రెడ్డా?… ఒక్కరోజు బ్రెడ్డు లేకపోతే ఎవరి పెళ్లీ ఆగదు. మన వయసులో ఒకసారి పోయింది మళ్లీ మొలవదు బావా, పోకముందే పట్టుకోవాలి… ఉండు, అలాగని ఇప్పుడు బిందెడు నీళ్లు పోసుకోకు! ఎంత తాగాలో డాక్టరు చెప్తాడు. ఫోను మా అక్కకివ్వు.

అక్కా!… బానే ఉన్నాలే. నీ మొగుణ్ని వెంటనే బండెక్కించు. ఆ బిళ్లల అట్ట కూడా పట్టుకెళ్లు, ఏం మింగాడో చూపించాలి… భయపడకు, గట్టి మనిషే. మొండికేస్తే వీపు మీద ఒకటి వెయ్యి, నా తరఫున…

ఏంటీ? చొక్కా వేసుకుంటున్నాడా? తనంతట తనేనా?…

గొణక్కుండానా?…

…అయితే ఇంక మాట్లాడకు అక్కా, వెళ్లండి. నేనూ బయల్దేరుతున్నా, ఆసుపత్రి గుమ్మం దగ్గరుంటా. పెట్టెయ్… పెట్టెయ్యవే!