తలుపు పక్క వరస

నిమ్మతోట పని ముగించుకుని వచ్చిన భర్త పెరట్లో బురద బూట్లు విప్పి కాళ్లు కడుక్కుంటున్నాడు. వేరుకుళ్లు తెగులు మీద పరిశోధన చేసే భార్య చెంబుతో నీళ్లు పోస్తోంది.

“ఒక మాట అడుగుతాను, దాచకుండా చెప్పండి. మొక్కలు పెంచే మా గాజుగదిలోకి వచ్చారా?”

“ఏమైంది?”

“తెగులు అంటకుండా విడిగా పెంచుతున్న మొక్కలన్నీ కుళ్లిపోయాయి. మూడు నెలల పని. తలుపు పక్క వరసతో మొదలైంది.”

“పోయిన నెల వచ్చాను. ఈ బూట్లతోనే.”

“తోట బురదలో ఆ తెగులు బీజాలు ఉంటాయని వెయ్యిసార్లు చెప్పాను కదండీ.”

“చెప్పావు. నా బుద్ధి గడ్డి తింది. మళ్లీ కుండీలన్నీ నేనే నింపి పెడతాను.”

“కుండీల సంగతి సరే. అసలెందుకొచ్చారు?”

“నిన్ను ఇంటికి తీసుకొద్దామని. నువ్వేమో వంగి, ‘ఇంకొక్క ఆకు వెయ్యమ్మా’ అని ఓ మొక్కను బతిమాలుతున్నావు. వింటూ నిలబడిపోయాను. పిలిస్తే నీ పని చెడుతుందని అలాగే వెనక్కి వచ్చేశాను.”

“ఆహా, ఇప్పుడేమీ చెడనట్టు! ఎంతసేపు నిలబడ్డారు?”

“పావుగంట.”

“బయటినుంచి ఒక్క కేక వేస్తే నేనే వచ్చేదాన్ని కదా.”

“వచ్చేదానివే. కానీ ఆ మాటలు ఆపేసేదానివి.”